ఇంటి పన్ను బిల్లులో ‘యూఏసీ పెనాల్టీ’ అని పడింది, ఇదేంటో తెలిసినవాళ్లు చెప్పగలరా? (విజయవాడ)

సత్యనారాయణపురం టీచరమ్మ:

నమస్తే అండీ. మాది సత్యనారాయణపురం, బీఆర్‌టీఎస్ రోడ్డుకి రెండు వీధులు లోపలికి. ఆ రోడ్డున్న చోట ఇంకా రైలు పట్టాలుండే రోజుల్లో నాన్న కొనుక్కున్న స్థలం. ఆయనది రైల్వే ఉద్యోగం. రన్నింగ్ రూముల్లో పడుకుని పడుకుని విసుగెత్తి కట్టుకున్న ఇల్లే ఇది అనేవారు. కింద డాబా ఆయన హయాంలోది. పైన రెండు గదుల పోర్షన్ మాత్రం 2016లో తమ్ముడి పెళ్లికి ముందు హడావుడిగా వేశాం. ప్లాన్ సంగతి నేను చూసుకుంటానన్నాడు మేస్త్రి. ఏం చూసుకున్నాడో ఆయనకే తెలియాలి. తమ్ముడు ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం. పైన అద్దెకిచ్చాం, కింద అమ్మా నేనూ ఉంటున్నాం. నాన్న కరోనా రెండో వేవులో పోయారు.

ఇక అసలు సంగతి. కిందటేడు మా వార్డు సచివాలయం నుంచి ఒకమ్మాయి టేపు పట్టుకుని వచ్చింది. కింద కొలిచింది, పైకెక్కి కొలిచింది, మెట్ల కింద సామాన్ల గదినీ వదల్లేదు. ఎండన పడి వచ్చిందని అమ్మ మజ్జిగ కూడా ఇచ్చింది. మజ్జిగ తాగిన పిల్ల ఇంత పన్ను ఎలా వేసిందే అని ఇప్పుడు అమ్మ గోల! ఇదివరకు అర్ధ సంవత్సరానికి 1,480 రూపాయలు కట్టేవాళ్లం. ఇప్పుడొచ్చిన బిల్లు 5 వేలు దాటింది. అందులో ఆస్తి పన్ను, లైబ్రరీ సెస్ కాకుండా ‘యూఏసీ పెనాల్టీ’ అని ఇంకో వరస ఉంది. ఈ పేరు మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

అమ్మ ఆ బిల్లు పట్టుకుని అరుగు మీద కూచుని వచ్చేపోయే వాళ్లందరికీ చూపిస్తోంది. ఎదురింటి మామ్మగారు అసలు కట్టొద్దంటారు. మూలింట్లో ఉండే బ్యాంకు బాబాయిగారేమో, పెనాల్టీ కట్టేస్తే పై పోర్షన్ రెగ్యులర్ అయిపోయినట్టే, ఇంకే గొడవా ఉండదు, ఇవాళే కట్టెయ్యండి అంటారు. నాకైతే ఆయన మాట మీద మనసు పోతోంది గానీ తెలిసినవాళ్లు ఎవరైనా చెబితే బాగుణ్ణు.

పక్కింటివాళ్లది కూడా ఇంచుమించు మా అంతే స్థలం. వాళ్లు కట్టేది మాలో సగం కూడా లేదు. అదెలా? బిల్లింకా నాన్న పేరు మీదే వస్తోంది, అమ్మ పేరు మీదకి మార్చుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి? పనిలో పని, కుళాయి నీళ్లు పొద్దున వదలగానే కాసేపు పసుపుపచ్చగా వస్తున్నాయి, దాని గురించి ఎవరికి చెప్పాలో కూడా చెప్పండి. నాకు బడి ఉంటుంది, తిరిగేది అమ్మ కాళ్లతోనే. కాబట్టి సరైన కిటికీ దగ్గరికే పంపాలని నా తాపత్రయం.

కృష్ణలంక కుర్రోడు:

అక్కా, ఇందులో వింతేం లేదు. 2020 నవంబరులో జీవో 198 వచ్చింది కదా, అద్దె విలువ తీసేసి ఆస్తి విలువ మీద పన్ను అని. 196, 197, 198 జీవోలు రద్దు చెయ్యాలని అప్పట్లో ఊరంతా ధర్నాలు జరిగాయి, మా నాన్న కూడా వెళ్లాడు. ఏటా 15 శాతం పెరుగుతూ పోతుంది. మీకూ అదే. మీ డివిజన్‌లో పెద్దవాళ్లు ఎవరినైనా పట్టుకోండి, లేకపోతే కట్టేసి ఊరుకోండి.

సింగ్‌నగర్ జిరాక్స్:

టీచరమ్మగారూ, సింగ్‌నగర్‌లో సచివాలయం పక్కన నాకు జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. నేను ఉద్యోగిని కాను, లాయర్ని కాను. ఇంటి పన్ను కాగితాలు మాత్రం రోజూ నా మెషీను గాజు మీద నుంచే పోతాయి. ఆ అనుభవంతో చెబుతున్నా.

బిల్లు చేతికి రాగానే అందరూ అడుగున ఉన్న మొత్తం చూసి గుండెలు బాదుకుంటారు. ఆ అంకె మీద పోట్లాడితే ఎక్కడా తేలదు. ఆ అంకె ఏ లెక్కలోంచి వచ్చిందో అది అడగాలి. నా కొట్టుకొచ్చే వాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

కృష్ణలంక తమ్ముడు చెప్పిన 15 శాతం నిజమే. ఇదివరకు ఇంటికి ఎంత అద్దె వస్తుందనే అంచనా మీద పన్ను వేసేవాళ్లు. 2021-22 నుంచి రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్న స్థలం విలువ, కట్టడం విలువ కలిపి అందులో ఇంత శాతం అని వేస్తున్నారు. ఆ లెక్కన ఒక్కసారిగా వేస్తే పాత ఇళ్లవాళ్లు తట్టుకోలేరు. అందుకని కిందటేడు కట్టినదాని మీద 15 శాతానికి మించి పెంచకూడదని అడ్డుకట్ట పెట్టారు. కొత్త లెక్క ప్రకారం రావాల్సిన మొత్తానికి చేరేదాకా అలా పెరుగుతూ పోతుంది. వెయ్యి రూపాయల పన్ను అనుకోండి. మొదటి ఏడు 1,150, తర్వాత 1,322, ఆపైన 1,521, 1,749, ఐదో ఏటికి 2,011. అంటే ఐదేళ్లకి రెట్టింపు. అది కూడా తక్కువ బాధేం కాదు లెండి. కానీ మీ 1,480 ఒక్క దెబ్బన 5 వేలు దాటిందంటే అది ఈ 15 శాతం పని కాదు, ఎంత గుణించినా రాదు.

మీ ఇంట్లో జరిగింది వేరు. 2016 నుంచి పైన పోర్షన్ ఉన్నా పన్ను పుస్తకంలో లేదు. టేపు పెట్టి కొలిచాక ఎక్కింది. పుస్తకంలోకి కొత్తగా ఎక్కిన భాగానికి కిందటేటి పన్ను అంటూ లేదు. ఇక 15 శాతం దేని మీద లెక్కేస్తారు? నేరుగా కొత్త లెక్కే పడుతుంది. మీ పక్కింటివాళ్ల సంగతీ ఇదే అయ్యుండాలి. వాళ్లది ఎప్పటిదో పాత అసెస్‌మెంటు (పన్ను మదింపు), ఏడాదికింత చొప్పున మెల్లగా ఎక్కుతోంది. మా వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు కొన్నవాళ్లు, పక్కనే ఇరవయ్యేళ్ల నాటి బిల్డింగువాళ్ల కంటే ఎక్కువ కట్టేది కూడా ఇందుకే. స్థలం ఒకేలా ఉన్నంత మాత్రాన పన్ను ఒకేలా ఉండదు.

ఇప్పుడు యూఏసీ. అంటే అనుమతి లేని కట్టడం మీద జరిమానా. సెట్‌బ్యాకులు, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, పది శాతం లోపు మింగితే పన్ను మీద 25 శాతం. పది దాటితే 50. అనుమతి లేకుండా వేసిన అంతస్తుకి, లేదా అసలు ప్లానే లేని ఇంటికి 100 శాతం, అంటే పన్ను ఎంతో జరిమానా అంత. ఇది ఒకసారి కట్టి వదిలించుకునేది కాదమ్మా. ఆ కట్టడం అలా ఉన్నన్నాళ్లూ ప్రతి బిల్లులోనూ వస్తూనే ఉంటుంది.

మీ బ్యాంకు బాబాయిగారి మాట దగ్గర కాస్త ఆగండి. జరిమానా కడితే రెగ్యులర్ కాదు. బెంజి సర్కిల్లో హెల్మెట్ లేదని ఫైను కట్టించుకుంటారు, అంతమాత్రాన మన నెత్తి మీద హెల్మెట్ మొలవదు కదా. ఈ పెనాల్టీ కట్టడం వల్ల కట్టడం క్రమబద్ధం అయినట్టు కాదని నిబంధనలోనే ఉంది. ఇల్లు అమ్మబోయినా, బ్యాంకు లోనుకి వెళ్లినా మళ్లీ ప్లాన్ ఏదీ అనే అడుగుతారు. ఈ మాట నమ్ముకుని ఏళ్ల తరబడి రసీదులు ఫైలు చేసుకుని, తీరా పిల్ల పెళ్లికి ఇల్లు తాకట్టు పెట్టబోయి అప్పుడు నా కొట్టు ముందు నిలబడి తిట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మీరు చూసుకోవాల్సినవి చెబుతా. సచివాలయానికి వెళ్లి మీ అసెస్‌మెంటు వివరాలు చూపించమనండి. ఏ అంతస్తు ఎన్ని చదరపు మీటర్లు రాశారు, ఎప్పుడు కట్టినట్టు రాశారు, శ్లాబా రేకులా, వాడకం నివాసమా కాదా. అన్నీ అందులో ఉంటాయి. మీరు టీచరంటున్నారు, ఇంటి ముందు ప్రైవేటు చెబుతామని బోర్డుందా? ఆ గది వ్యాపార వాడకం కింద నమోదైతే రేటు ఎక్కువ. తర్వాత, అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ పెనాల్టీ పై అంతస్తు మీదే పడిందా, ఇంటి మొత్తం మీద పడిందా చూడండి. మీ నాన్నగారు ప్లాన్ తీసుకునే కట్టి ఉంటే కింది డాబా అనుమతి ఉన్న కట్టడం. కాగితం చూపించకపోతే అది ఎవరికీ తెలియదు, మొత్తం ఇల్లు ప్లాన్ లేనిదనే లెక్కలోకి పోతుంది. రైల్వే ఆయన అంటున్నారు కాబట్టి లోను పెట్టి కట్టి ఉంటే ప్లాన్ తప్పకుండా తీసుంటారు. పాత ట్రంకు పెట్టెలు వెతకండి.

సత్యనారాయణపురం టీచరమ్మ:

జిరాక్స్ గారూ, మీకు పుణ్యముంటుంది. ప్లాన్ దొరికింది! నాన్న ఇనప్పెట్టెలో, పాత రైల్వే పాసులూ అమ్మమ్మ రాసిన ఉత్తరాలూ ఉన్న గుడ్డ సంచీలో, చుట్ట చుట్టి ఉంది. ఊదా గీతల కాగితం, వెనకాల ముద్ర, అధికారి సంతకం. గ్రౌండ్ ఫ్లోరు మాత్రమే. మడతల దగ్గర చిరిగింది గానీ అంకెలు కనిపిస్తున్నాయి. అమ్మ అది చూసి బిల్లు సంగతే మర్చిపోయి, వంటిల్లు తూర్పుకి మార్చమని తను ఎలా పోట్లాడిందో చెబుతూ కూచుంది.

బోర్డు మాటకొస్తే, ఉంది. ‘ఇచ్చట 6 నుంచి 10 తరగతులకు లెక్కలు చెప్పబడును’ అని. పట్టుమని పదిమంది పిల్లలు రారు. దాన్ని వ్యాపారం అంటారా?

పెనాల్టీ మొత్తం పన్నుకి సమానంగా ఉంది. అంటే ఇంటి మొత్తం మీద పడినట్టే కదా? ఇప్పుడు ఎవరికి ఏమని రాయాలి? ఈలోపు బిల్లు కట్టాలా ఆపాలా?

పటమట విశ్రాంత ఉద్యోగి:

అమ్మాయి గారూ, నేను రెవెన్యూ శాఖలో చేసి రిటైరైనవాణ్ణి. మీరు పేరు మార్పు గురించి అడిగారు, ఎవరూ దాని జోలికి వెళ్లలేదు కాబట్టి రాస్తున్నాను.

ముందుగా, సచివాలయంలో రెవెన్యూ సెక్రటరీ అనే బోర్డు చూసి ఇంటి పన్ను ఆయన దగ్గరే అనుకుని అందరూ అక్కడ నిలబడతారు. ఆయన తహశీల్దారు మనిషి, పూర్వపు వీఆర్వో అన్నమాట. ఇంటి పన్ను చూసేది వార్డు అడ్మిన్ సెక్రటరీ. ప్లాన్లు, కట్టడాలు చూసేది ప్లానింగ్ సెక్రటరీ. నీళ్లు, వీధి దీపాలు ఎమినిటీస్ సెక్రటరీ. కరెంటు మీటరు సంగతి కార్పొరేషన్‌ది కానే కాదు. 2019 అక్టోబరు 2న సచివాలయాలు పెట్టినప్పటి నుంచీ ఈ తికమక ఉంది. మీ అమ్మగారి కాళ్లు కాపాడాలంటే ఈ పేర్లు ఒక చీటీ మీద రాసివ్వండి.

మీకు మాత్రం రెవెన్యూ ఆయనతోనూ పని ఉంది. నాన్నగారి మరణ ధ్రువపత్రం ఉండే ఉంటుంది. దానితో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి సచివాలయంలోనే అర్జీ పెట్టండి, విచారణ అయ్యాక తహశీల్దారు ఇస్తారు. అందులో మీ అమ్మగారు, మీరు, మీ తమ్ముడు ముగ్గురి పేర్లూ రావాలి. ఒక్క పేరు పోయినా మళ్లీ మొదటికి. ఆ తర్వాత అమ్మగారి పేరు మీదకి మార్చడానికి మీకూ మీ తమ్ముడికీ అభ్యంతరం లేదని అఫిడవిట్లు జత చెయ్యాలి. తమ్ముడు చెన్నై నుంచి ఎప్పుడొస్తే అప్పుడు చేయించుకోండి, పండక్కి ఎలాగూ వస్తాడు కదా. పాత బకాయి ఏదీ ఉండకూడదు.

ఒక హెచ్చరిక. పన్ను పుస్తకంలో పేరు మారితే ఆస్తి చేతులు మారినట్టు కాదు. అది పన్ను ఎవరు కట్టాలో తెలిపే పేరు మాత్రమే. రేపు అన్నదమ్ములు, అప్పచెల్లెళ్ల మధ్య తేడా వస్తే కోర్టు చూసేది దస్తావేజులు, వారసత్వం. మీ ఇంట్లో అలాంటిదేమీ లేదని మీ మాటల్లోనే తెలుస్తోంది. ఎందుకు చెబుతున్నానంటే, ఇంటి పన్ను తన పేరుకి మార్పించుకుని ఇల్లు తనదేనని ఊరేగిన పెద్దకొడుకులను నా సర్వీసులో చాలామందిని చూశాను.

కానూరు కోడలు:

అడగొచ్చో లేదో గానీ ఇదే దారిలో అడుగుతున్నా. మేము కూడా విజయవాడే. కార్పొరేషన్ పన్నులు కట్టే వెబ్‌సైటులో మా అసెస్‌మెంటు నంబరు కొడితే లేదంటోంది. మాకు పన్నే లేదని సంతోషించమంటారా?

సింగ్‌నగర్ జిరాక్స్:

కానూరు చెల్లెమ్మా, అంత సంతోషం వద్దు, మీది తాడిగడప మున్సిపాలిటీ. కానూరు, పోరంకి, యనమలకుదురు, తాడిగడప పంచాయతీలు నాలుగూ కలిపి 2020 చివర్లో చేసింది. ఉత్తరాల మీద విజయవాడ అని రాసుకున్నా మీ లెక్కలు మన కార్పొరేషన్‌లో ఉండవు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక మా విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, మీరు కృష్ణాలోనే ఉన్నారు. వెబ్‌సైటులో జిల్లా కృష్ణా పెట్టి, తర్వాత తాడిగడప ఎంచుకుని చూడండి. ‘గ్రేటర్’ చేస్తాం, చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపేస్తాం అని ఎప్పటినుంచో అంటున్నారు. అది అయ్యేదాకా మీ ఆఫీసు మీదే, మా ఆఫీసు మాదే.

టీచరమ్మగారూ, ప్లాన్ దొరికిందంటే సగం పని అయినట్టే. మీరు రాయాల్సింది రివిజన్ పిటిషన్, అంటే వేసిన పన్నుని మళ్లీ చూసి సవరించమనే అర్జీ. పన్ను మార్చేటప్పుడు స్పెషల్ నోటీసు అని ఒకటి ఇస్తారు, అమ్మగారు ఎక్కడో దాచి ఉంటారు, అడగండి. అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు దాన్లోనే ఉంటుంది, మామూలుగా 15 రోజులు. దాటిపోయినా అర్జీ ఇవ్వకుండా ఉండకండి. కమిషనర్ గారికి అని రాసి, మా కింది అంతస్తుకి అనుమతి ఉంది, ఇదిగో ప్లాన్ నకలు, పెనాల్టీ ఏ అంతస్తుకి ఎంత లెక్కించారో తెలిపి సవరించగలరు అని అడగండి. ‘పన్ను ఎక్కువైంది, తగ్గించగలరు’ అని మాత్రం రాయకండి. ఆ మాటకి జవాబు ఒకటే ఉంటుంది, ‘నిబంధనల ప్రకారమే వేయడమైనది’. మీరు లెక్కల టీచరు, స్టెప్పులు లేకుండా జవాబు ఒక్కటే రాసిన పిల్లాడికి మార్కులెయ్యరు కదా, ఇక్కడ మీరూ స్టెప్పులే అడగండి.

అర్జీ ఇచ్చాక నంబరు వేసిన రసీదు లేకుండా కదలొద్దు. సోమవారం సోమవారం కార్పొరేషన్ ఆఫీసులో అర్జీలు తీసుకునే కార్యక్రమం ఉంటుంది, స్పందన అని మనం అలవాటుగా అనేది. ఇప్పుడు పేరు పీజీఆర్‌ఎస్. బడి సెలవు చూసుకుని మీరే వెళ్లగలిగితే మేలు, అక్కడ ఇస్తే కంప్యూటర్లో ఎక్కుతుంది, ఎవరి టేబుల్ మీద ఉందో తెలుస్తుంది.

బోర్డు సంగతి. పదిమందికి లెక్కలు చెప్పుకోవడం వ్యాపారమా కాదా అన్న వాదం అలా ఉంచండి, ముందు పుస్తకంలో ఏం రాసుందో చూడండి. నివాసం అనే ఉంటే మీరు నోరెత్తకండి.

కట్టాలా ఆపాలా అన్నారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక అర్ధం, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. మొదటిదానికి జూన్ 30, రెండోదానికి డిసెంబరు 31 గడువు. దాటితే నెలకి 2 శాతం వడ్డీ. అర్జీ పెట్టాం కదా అని వడ్డీ ఆగదు. ఎదురింటి మామ్మగారి మాట వింటే ఏడాదికి 24 శాతం, మీ పొదుపు డబ్బుకి బ్యాంకులో అందులో మూడో వంతు కూడా రాదు. బకాయిదారులకి అప్పుడప్పుడూ వడ్డీ తగ్గింపులొస్తాయి, 2025 మార్చిలో సగం మాఫీ అన్నారు. దాని కోసం కాచుక్కూచునేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నాకు అది నచ్చదు, ఇస్తారో లేదో ఎవడికి తెలుసు. వచ్చే ఏడాది నుంచి మాత్రం ఏప్రిల్లోనే ఏడాది మొత్తం కట్టెయ్యండి, 5 శాతం రాయితీ ఉంటుంది. అమ్మగారిని కౌంటర్ దాకా పంపక్కర్లేదు. 95523 00009 నంబరుకి వాట్సాప్‌లో ‘హాయ్’ కొడితే మన మిత్ర అని ప్రభుత్వ సేవ వస్తుంది, అందులోనే కట్టొచ్చు. 2025 జనవరిలో పెట్టారు ఇది. మా గిరాకీ కొంత పోయింది కూడా!

పై పోర్షన్‌కి శాశ్వతమైన దారి బీపీఎస్ ఒక్కటే, అంటే అనుమతి లేని కట్టడాలని ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం. 2015లో ఒకసారి, 2019లో ఒకసారి తెరిచారు. ప్రభుత్వం ఆ పథకం ఎప్పుడు ప్రకటిస్తే అప్పుడు, ఏ తేదీ లోపు కట్టినవాటికి వర్తిస్తుందో చూసుకుని, ఎల్‌టీపీ, అంటే ప్లాన్లు గీసే లైసెన్సున్న మనిషి చేత కొలతలు గీయించి పెట్టుకోవాలి. ఫీజు కాస్త గట్టిగానే ఉంటుంది. కానీ క్రమబద్ధం చేసినట్టు ప్రొసీడింగ్స్ కాగితం చేతికొస్తే పెనాల్టీ తీసెయ్యమని అడిగే హక్కు మీకు వస్తుంది. మీరు 2016లో కట్టారన్నారు కదా, ఆ ఏటి ఇసుక, సిమెంటు బిల్లులు గానీ పైనింటి కరెంటు మీటరు తీసుకున్న కాగితం గానీ జాగ్రత్త చెయ్యండి. ఎప్పుడు కట్టారన్నది అప్పుడు రుజువు చెయ్యాల్సి వస్తుంది.

కృష్ణలంక కుర్రోడు:

అన్నా, నేను చెప్పింది సగమే అన్నమాట. మా ఇంటికీ పైన రేకుల గది ఉంది, దాన్నీ కొలుస్తారా?

సింగ్‌నగర్ జిరాక్స్:

నువ్వు ఇక్కడ అందరి ముందూ చెప్పకపోతే తెలియకపోను తమ్ముడూ.

ప్లంబింగ్ మేస్త్రి, వన్‌టౌన్:

అమ్మా పచ్చనీళ్లు అన్నారు. గాజు గ్లాసులో వదలగానే ఒకటి పట్టండి, పది నిమిషాలాగి ఇంకోటి పట్టండి. రెండోది తేటగా ఉంటే తుప్పు మీ ఇంటి పైపులోదే. మీ నాన్నగారి కాలంలో అందరూ జీఐ పైపులే, అంటే ఇనప పైపులే వేసేవాళ్లు. రాత్రంతా నీళ్లు అందులో నిలవుంటాయి, పొద్దున ఆ రంగు తోసుకొస్తుంది. మీటరు దగ్గర్నుంచి వంటింటిదాకా పైపు మార్పించుకుంటే సరి. పక్కింట్లో కూడా అదే టైములో పచ్చగానే వస్తుంటే అప్పుడు వీధి లైనుది. ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పండి, పురమిత్ర యాప్‌లో ఫోటో పెట్టండి. వాసన గనక వస్తే మాత్రం రంగు సంగతి కాదు, డ్రెయిన్ నీళ్లు కలుస్తున్నట్టు. ఆ రోజే చెప్పాలి, కాచి తాగాలి. 2024 మే ఆఖర్లో మొగల్రాజపురంలో అతిసారంతో జనం ఆసుపత్రి పాలైంది గుర్తుంది కదా. సంపు మూత కూడా ఒకసారి తీసి చూడండి, ఎన్నాళ్లయిందో కడిగి.

సత్యనారాయణపురం టీచరమ్మ:

రెండో గ్లాసు తేటగానే ఉందండీ. పక్కింటివాళ్లకి ఏ రంగూ లేదు. పైపే అయ్యుంటుంది.

సచివాలయానికి అమ్మ చీటీ పట్టుకుని వెళ్లొచ్చింది. అడ్మిన్ సెక్రటరీ అన్న పేరు గట్టిగా చదివిందట. టేపుతో వచ్చిన అమ్మాయే కనబడి కుర్చీ వేసి కూచోబెట్టి వివరాలన్నీ ప్రింటు తీసిచ్చింది. ఆ పిల్ల మీద కోపం పోయింది. వాడకం నివాసం అనే ఉంది, నోరెత్తలేదు. కింది అంతస్తుకి ‘ప్లాన్ లేదు’ అని ఉంది. ఆవిడ కొలవడానికి వచ్చినప్పుడు ప్లాన్ ఉందా అని అడిగిందట, అమ్మకేం తెలుసు, ఏమో అమ్మా అందిట. ఇప్పుడు రివిజన్ అర్జీ రాశాను, ఎల్లుండి సోమవారం బడికి సెలవు పెట్టి నేనే వెళ్తున్నా. నాన్న ప్లాన్ లామినేషన్ చేయించి తీసుకెళ్లనా?

సింగ్‌నగర్ జిరాక్స్:

అస్సలొద్దు. అది అమోనియా ప్రింటు, వెలుతురు తగిలేకొద్దీ గీతలు వెలిసిపోతాయి. మెషీను మీద పదిసార్లు పెట్టించకండి. ఒకసారి మంచి స్కాన్ చేయించుకుని ఆ ఫైలు తమ్ముడికి కూడా పంపండి, ఇక నుంచి ప్రింట్లన్నీ దాన్నుంచే తీసుకోండి. చిరిగిన మడతల వెనక సెల్లో టేపు అంటించకండి, కొన్నాళ్లకి పసుపు మరక పడి అంకెలు మింగేస్తుంది. ఒరిజినల్ చూపించమంటే చూపించండి, ఫైల్లో పెట్టేది మాత్రం నకలే. రెండు సెట్లు తీసుకెళ్లండి, ఒకదాని మీద వాళ్ల ముద్ర వేయించుకుని మీరు తెచ్చుకోండి. సోమవారం కాస్త పెందలాడే వెళ్లండి, పదిన్నర దాటితే కెనాల్ రోడ్డులో బండి పెట్టుకోను చోటు దొరకదు.